భుజాన్ని కాచే స్క్వాట్ బార్లు

స్క్వాట్‌లో బరువు మోసేవి తొడలు, పిరుదులు, నడుము. చేతులకు ఉన్న పనల్లా వీపు మీది రాడ్డు జారిపోకుండా పట్టుకోవడం. అయినా కాళ్లలో ఇంకా సత్తువ ఉండగానే భుజం నొప్పితో స్క్వాట్ మానుకున్నవాళ్లు ప్రతి జిమ్‌లోనూ కనిపిస్తారు. తిన్నని రాడ్డును వీపు మీద పెట్టుకుని పట్టుకోవాలంటే చేతులు వెనక్కి, బయటికి తిరిగి అక్కడే నిలవాలి. ఆ తిరుగుడు అందరి భుజాల్లోనూ ఉండదు. ఈ ఇబ్బందికి మందుగానే గత కొన్ని దశాబ్దాల్లో రకరకాల బార్లు పుట్టుకొచ్చాయి. సేఫ్టీ స్క్వాట్ బార్, కేంబర్డ్ బార్, బఫెలో బార్ వాటిలో ముఖ్యమైనవి. వీటిలో ఏదీ బరువును తగ్గించదు. ప్రతి ఒక్కటీ చేతులు ఉండే చోటును మారుస్తుంది, దాంతోపాటు బరువు పడే చోటును కూడా ఎంతో కొంత మారుస్తుంది. బార్ ఎంపికలో ఈ రెండో సంగతిని చాలామంది మరిచిపోతారు.

భుజంలో ఏం జరుగుతుంది

భుజం కీలులో గిన్నె చిన్నది, బంతి పెద్దది. అందుకే శరీరంలోని కీళ్లన్నిటిలోకీ ఇది ఎక్కువ తిరుగుతుంది, ఎక్కువగా తప్పుతుంది కూడా. బంతిని గిన్నెలో నిలబెట్టే పని ఎక్కువగా రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలది. తిన్నని రాడ్డును వీపు మీద పట్టుకున్నప్పుడు దండచేయి ఎముక బయటివైపుకు బాగా తిరుగుతుంది. పై వీపు నిటారుగా తెరుచుకుని, రెక్క ఎముకలు వెనక్కి దగ్గరైతే ఈ తిరుగుడులో కొంత భారాన్ని అవి పంచుకుంటాయి. రోజంతా కంప్యూటర్ ముందు వంగి కూర్చునేవారిలో పై వీపు అంత సులువుగా తెరుచుకోదు. అప్పుడు లోటంతా భుజం కీలు ఒక్కటే పూడ్చాలి. బంతి ముందుకు తోసుకొచ్చి, అక్కడ ఉన్న బైసెప్స్ పొడవాటి టెండన్, కీలు ముందు పొర నలుగుతాయి. నొప్పి భుజం ముందువైపు రావడానికి కారణం ఇదే.

రాడ్డు వీపు మీద ఎంత కిందికి ఉంటే ఈ ఇబ్బంది అంత ఎక్కువ. మెడ కింద ట్రాపీజియస్ కండరం మీద పెట్టే పద్ధతిని హై బార్ అంటారు. ఇంకాస్త దించి, రెక్క ఎముక గట్టు దగ్గర, భుజం వెనక డెల్టాయిడ్ కండరాల మీద ఆనించేది లో బార్. పవర్‌లిఫ్టర్లు ఎక్కువమంది లో బార్ వాడతారు, ఎందుకంటే అందులో తుంటి బలం బాగా పనికొచ్చి ఎక్కువ బరువు లేస్తుంది. వాళ్లు ఆ అదనపు కిలోలకు చెల్లించే మూల్యం భుజం దగ్గరే. అదే రోజు స్క్వాట్ తర్వాత బెంచ్‌ప్రెస్ చేయాల్సి వచ్చినప్పుడు అది బయటపడుతుంది. చేతులతో రాడ్డును పైకి మోసే అలవాటు ఉన్నవారిలో నొప్పి మోచేయి లోపలివైపుకీ మణికట్టుకీ పాకుతుంది.

కొన్ని భుజాల విషయంలో సర్దుబాటు మాటే లేదు. భుజం ఒకసారి ముందుకు తప్పిన వ్యక్తిని పరీక్షించేటప్పుడు వైద్యులు అతని చేతిని పక్కకు ఎత్తి, బయటికి తిప్పి చూస్తారు. కీలు మళ్లీ జారుతుందేమోనని రోగి భయపడితే అది కీలు వదులైందనడానికి గుర్తు. వీపు మీద రాడ్డు పట్టుకునే భంగిమ దానికి చాలా దగ్గరిది. ఫ్రోజెన్ షోల్డర్ ఉన్నవారి కథ దీనికి తిరగబడి ఉంటుంది. వాళ్ల కీలు పొర బిగుసుకుపోతుంది, మొదట పోయేది సరిగ్గా బయటివైపు తిరుగుడే. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య వచ్చే ఈ జబ్బు మధుమేహం ఉన్నవారిలో మరీ ఎక్కువ. షుగర్ రోగులు ఇంటికొకరున్న తెలుగు నేల మీద, నలభై దాటాక డాక్టరు సలహాతో జిమ్‌కు వచ్చేవారికి తిన్నని రాడ్డు సరిపడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ముందు తిన్నని రాడ్డునే సరిచూడటం

కొత్త బార్ కొనే ముందు ఖర్చు లేని మార్పులు కొన్ని ఉన్నాయి. రాడ్డును లో బార్ నుంచి హై బార్‌కు జరపడం మొదటిది. పట్టు వెడల్పు చేయడం రెండోది. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య కొలతల ప్రకారం ప్లేట్లు ఆనే కాలర్ల మధ్య దూరం 1.31 నుంచి 1.32 మీటర్లు ఉంటుంది. చేతులను దాదాపు ఆ చివరల దాకా తీసుకెళ్లి స్క్వాట్ చేసే భారీకాయులు అంతర్జాతీయ పోటీల్లోనే ఉన్నారు. బొటనవేలిని రాడ్డు మీదికే చేర్చి పట్టుకుంటే మణికట్టు తిన్నగా ఉండి మోచేతికి కాస్త ఊపిరి అందుతుంది.

రాడ్డు తయారీ కూడా భుజం మీద ప్రభావం చూపుతుంది. పురుషుల ఒలింపిక్ బార్ 20 కిలోలు, మందం 28 మిల్లీమీటర్లు. మహిళలది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. కొన్ని పవర్‌లిఫ్టింగ్ సమాఖ్యలు స్క్వాట్‌కని ప్రత్యేకంగా 25 కిలోల బార్‌ను అనుమతిస్తాయి. అది పొడవూ మందమూ ఎక్కువై, భారీ బరువుకు ఊగకుండా నిలుస్తుంది. రాడ్డు నడిమధ్యన గరుకు గీతలు ఉన్నాయో లేవో చూడటం వీటన్నిటికంటే ముఖ్యం. గరుకు ఉంటే చొక్కాను పట్టుకుని రాడ్డు అక్కడే కూర్చుంటుంది. మన పేట జిమ్‌లలో కనిపించే నున్నని క్రోమ్ రాడ్డు చెమట పట్టిన వీపు మీద జారుతుంది. జారుతున్న రాడ్డును ఆపడానికి చేతులు బిగుస్తాయి, బిగిసిన చేతుల భారం భుజానికి చేరుతుంది. చాలామంది భుజం నొప్పి అనుకునేదాంట్లో కొంత వాటా ఈ నున్నని రాడ్డుదే.

రాడ్డుకు చుట్టే స్పాంజి ప్యాడ్‌ను కొత్తవాళ్లు ఎంతో ఇష్టంగా వాడతారు. అది మెడ ఎముక మీద ఒత్తిడిని తగ్గిస్తుందే తప్ప చేతుల భంగిమను మార్చదు. పైగా రాడ్డు కుదురుగా ఉండదు. దానికంటే డెడ్‌లిఫ్ట్‌కు వాడే స్ట్రాప్‌లను రాడ్డుకు రెండు పక్కలా ఉరిలా వేసి, కిందికి వేలాడే కొసలను పట్టుకోవడం మేలు. చేతులు ముందుకు, కిందికి వస్తాయి. పట్టు పూర్తి గట్టిగా ఉండదు కనుక ర్యాక్‌లో సేఫ్టీ పిన్నులు పెట్టుకుని, మోస్తరు బరువుతో చేయాల్సిన పద్ధతి ఇది.

సేఫ్టీ స్క్వాట్ బార్

భుజం నొప్పి ఉన్నవారికి కోచ్‌లు మొట్టమొదట చూపించే బార్ ఇదే, చాలావరకు అది సరైన సలహా కూడా. ఎద్దు మెడ మీది కాడిలా ఇది మెడ చుట్టూ అమరుతుంది. మెడ వెనక, రెండు భుజాల మీద మందపాటి మెత్త, దాన్నుంచి ముందుకు వచ్చే రెండు పిడులు, రెండు చివర్లలో కొద్దిగా కిందికి, ముందుకు వంగిన కొసలు ఉంటాయి. పిడులను గుండె ముందు పట్టుకుంటారు కాబట్టి భుజం బయటికి తిరగాల్సిన పనే లేదు. చేతులు వదిలేసినా మెత్త మెడను అంటిపెట్టుకుని ఉండటంతో బార్ వెంటనే జారిపోదు. ఖాళీ బార్ బరువు సాధారణంగా 27 నుంచి 32 కిలోలు. మామూలు రాడ్డుతో లెక్క వేసుకునే అలవాటున్నవాళ్లు ప్లేట్లు ఎక్కించేటప్పుడు ఇక్కడే తప్పుతారు.

అమెరికాలో దీన్ని హాట్‌ఫీల్డ్ బార్ అని కూడా పిలుస్తారు. ఫ్రెడ్ హాట్‌ఫీల్డ్ 1942లో పుట్టి 2017లో మరణించిన పవర్‌లిఫ్టర్, వ్యాయామ శాస్త్ర రచయిత. 1987లో, 45 ఏళ్ల వయసులో, 1,014 పౌండ్లతో అంటే దాదాపు 460 కిలోలతో స్క్వాట్ చేసి డాక్టర్ స్క్వాట్ అనే పేరు తెచ్చుకున్నాడు. ఈ బార్‌ను ఆయన గట్టిగా ప్రచారం చేశాడు. చేతులు ఖాళీగా ఉండటాన్ని వాడుకునే ఒక పద్ధతికి ఆయన పేరే స్థిరపడింది. హాట్‌ఫీల్డ్ స్క్వాట్‌లో బార్ వీపు మీద ఉంటుంది, చేతులు ర్యాక్‌కు బిగించిన పిడులను పట్టుకుంటాయి. వాటి ఆసరాతో నడుము నిటారుగా ఉంచుకోవచ్చు, లేచేటప్పుడు ఇరుక్కుంటే చేత్తో కొద్దిగా సాయం చేసుకోవచ్చు. మోకాలి శస్త్రచికిత్స తర్వాత మళ్లీ బరువు మొదలుపెట్టేవారికీ వయసు మళ్లినవారికీ ఇది ఎంతో అక్కరకొస్తుంది.

కొసలు ముందుకు వంగి ఉండటం వల్ల బరువు హై బార్ కంటే ముందుకు, ఫ్రంట్ స్క్వాట్ కంటే వెనక్కి పడుతుంది. మొండెం నిటారుగా నిలుస్తుంది, మోకాళ్లు ముందుకు వస్తాయి, తొడ ముందు కండరాల వాటా పెరుగుతుంది. కింది నుంచి లేచేటప్పుడు మాత్రం బార్ మెడను ముందుకు నెడుతూ పై వీపును గూనిలా వంచాలని చూస్తుంది. దాన్ని ఎదిరించి నిలబడటానికి పై వీపు కండరాలు గట్టిగా పనిచేయాలి. తిన్నని రాడ్డుతో ఎత్తే గరిష్ఠ బరువులో పదో వంతు అటూ ఇటూ ఈ బార్ మీద తగ్గడం మామూలే. భుజం తప్పించుకున్న పని పై వీపుకు చేరిందన్నమాట. పై వీపు బలహీనంగా ఉన్నవారికి ఇది వ్యాయామంగా మంచిదే కానీ మెడ డిస్క్ సమస్య ఉన్నవారికి కాదు.

పిడులను ఎలా పట్టుకోవాలన్నది చిన్న విషయంలా కనిపించినా ఫలితం పెద్దది. నిటారుగా నిలవాలన్న తాపత్రయంతో చాలామంది పిడులను పైకెత్తుతారు. బార్ అంతా ఒకే ముక్క కాబట్టి పిడులు పైకి లేస్తే కొసలు ముందుకు జరుగుతాయి, బరువు మరింత ముందుకు లాగుతుంది. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా, పిడులు ఛాతీవైపు కిందికి పట్టి ఉంచితే బార్ కుదురుగా ఉంటుంది.

అమెరికా కాలేజీ బేస్‌బాల్ జట్లలో ఈ బార్ వాడకం ఎక్కువ. బంతి విసిరేవాడి భుజం సీజన్ అంతా బయటికి తిరిగి అలసి ఉంటుంది. కాళ్ల వ్యాయామం పేరుతో దాన్ని మళ్లీ అదే భంగిమలోకి నెట్టడం దేనికన్నది అక్కడి కోచ్‌ల వాదన. మన ఫాస్ట్ బౌలర్లకూ వాలీబాల్ స్మాషర్లకూ బ్యాడ్మింటన్ ఆటగాళ్లకూ ఇదే వాదన అంతే బాగా వర్తిస్తుంది.

వంపు బార్లు

కేంబర్డ్ బార్‌లో మెడ మీది భాగం మామూలుగానే ఉంటుంది. దాని రెండు చివర్ల నుంచి బార్ కిందికి దిగి, ప్లేట్ల కొసలు దాదాపు 35 సెంటీమీటర్లు కింద వేలాడతాయి. చేతులు కిందికి దిగిన ఆ నిలువు భాగాలను పట్టుకుంటాయి, కాబట్టి భుజం తిరుగుడు బాగా తగ్గుతుంది. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని వెస్ట్‌సైడ్ బార్‌బెల్ జిమ్‌లో లూయీ సిమన్స్ దీన్ని విరివిగా వాడించాడు. 2022లో మరణించిన సిమన్స్ ఒకే బార్‌తో ఏడాదంతా భారీ బరువులు ఎత్తడాన్ని ఒప్పుకునేవాడు కాదు. గరిష్ఠ బరువు రోజున వారం వారం బార్‌నో ఎత్తునో మార్చడం ఆయన పద్ధతిలో ముఖ్యభాగం. కేంబర్డ్ బార్‌లో వేలాడే బరువు అడుగు తడబడితే ఊయలలా ఊగుతుంది. దాన్ని అదుపు చేయడానికి నడుము, పొట్ట కండరాలు బిగబట్టాలి. ఖాళీ బార్ బరువే 35 నుంచి 40 కిలోల దాకా ఉంటుంది కనుక కొత్తవాళ్లకు ఇది తగదు.

బఫెలో బార్ వేరే దారి పట్టింది. ఇందులో పిడులు లేవు, కిందికి దిగే కడ్డీలు లేవు. రాడ్డు మొత్తం విల్లులా కొద్దిగా వంగి ఉంటుంది. ఆ వంపు వీపు మీద సరిగ్గా కూర్చుంటుంది, చేతులు తిన్నని రాడ్డు కంటే కొన్ని సెంటీమీటర్లు కిందికి వస్తాయి. అమెరికాలో ఐరన్‌మైండ్ సంస్థ ఈ పేరుతో అమ్మిన బార్ బాగా తెలిసింది. తర్వాత పవర్‌లిఫ్టర్ క్రిస్ డఫిన్ తన పేరు కలిపి డఫాలో బార్ తెచ్చాడు. చేయి తిరుగుడు తగ్గేది కొంచెమే, భుజం బాగా దెబ్బతిన్నవారికి ఇది చాలదు. అసలు స్క్వాట్ తీరు మారకపోవడం, లో బార్‌లో కూడా పనికిరావడం దీని గొప్పతనం. కొద్దిపాటి నొప్పితో పోటీలకు తయారయ్యే లిఫ్టరుకు సేఫ్టీ బార్ కంటే ఇదే ఎక్కువ నప్పుతుంది. మామూలు కంటే లోతుగా వెళ్లే బెంచ్‌ప్రెస్‌కు కూడా కొందరు దీన్నే వాడతారు.

డఫిన్ తెచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ బార్ సేఫ్టీ బార్ వంశంలోదే. కొసల వంపును మార్చుకుని బరువును ముందుకో వెనక్కో జరుపుకునే వీలుంది. ఇంటి జిమ్‌కు అది కాస్త ఆడంబరమే.

తగిలించుకునే పరికరాలు

బార్ కొనకుండా, ఉన్న రాడ్డుకే బిగించేవి కొన్ని ఉన్నాయి. బాడీబిల్డర్ డేవ్ డ్రేపర్ తన భుజం బాధకు పరిష్కారంగా ప్రచారంలోకి తెచ్చిన టాప్ స్క్వాట్, తిన్నని రాడ్డుకు ముందువైపు పిడులను అమరుస్తుంది. మాంటా రే అనే ప్లాస్టిక్ పలక రాడ్డు బరువును వీపు మీద వెడల్పుగా పరుస్తుంది. మెడ కింద ఒరిపిడికి అది బాగానే పనిచేస్తుంది, భుజానికి పెద్దగా కాదు.

వీపు మీద రాడ్డు లేని స్క్వాట్లు

బార్ ఎంపిక గురించి ఆలోచించేవారు కొన్నిసార్లు వీపు మీద బార్ అవసరమేనా అని కూడా అడగాలి. వీపు మీద భారీ రాడ్డు మరీ పాత అలవాటేమీ కాదు. 1921లో జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన హెన్రీ స్టైన్‌బోర్న్, ర్యాక్ లేకుండానే రాడ్డును నిలువుగా నిలబెట్టి, కింద కూర్చుని, దాన్ని వీపు మీదికి ఒరిగించుకుని లేచేవాడు. అమెరికాలో భారీ బ్యాక్ స్క్వాట్ మోజు పెరగడంలో ఆయన ప్రదర్శనలది పెద్ద పాత్ర. అంతకు ఎంతో ముందు నుంచే మన తాలీంఖానాల్లో మల్లులు వందల కొద్దీ బస్కీలు తీసేవారు, భుజం మీద ఏమీ లేకుండా.

ఫ్రంట్ స్క్వాట్‌లో రాడ్డు ముందు డెల్టాయిడ్ల మీద ఉంటుంది. భుజం నొప్పి తప్పినా మణికట్టు బాగా వంగాలి. వంగకపోతే చేతులను ఛాతీ మీద అడ్డంగా కత్తెరలా పెట్టి పట్టుకోవచ్చు, లేదా స్ట్రాప్‌లు కట్టుకోవచ్చు. వెయిట్‌లిఫ్టర్లకు ఇది రోజువారీ వ్యాయామం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచిన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి లాంటివారి భుజాలు ఏళ్ల సాధనతో తలపైన బరువు నిలపడానికి అలవాటు పడి ఉంటాయి. అందుకే ఆ క్రీడలో సేఫ్టీ బార్ అవసరం అంతగా కనిపించదు. వాళ్లను చూసి మామూలు మనిషి తన భుజానికి కొలత పెట్టుకోకూడదు.

మోచేతుల మడతలో రాడ్డు పట్టే జెర్చర్ స్క్వాట్ భుజానికి హాయి, మోచేతికి నరకం. డంబెల్‌ను గుండె దగ్గర రెండు చేతులతో పట్టే గాబ్లెట్ స్క్వాట్ కొత్తవాళ్లకు అన్నిటికంటే మంచిది, కానీ చేతులు మోయలేనంత బరువు దగ్గర ఆగిపోతుంది. నడుముకు బెల్టు కట్టి దానికి బరువు వేలాడదీసే బెల్ట్ స్క్వాట్‌లో భుజానికీ వెన్నుకూ రెండింటికీ విశ్రాంతి. శస్త్రచికిత్స జరిగి చేయి కట్టులో ఉన్న వ్యక్తికి, డాక్టరు అనుమతి ఉంటే, దీనికి సాటి లేదు. పెద్ద జిమ్‌లలో తప్ప ఆ యంత్రం దొరకకపోవడమే చిక్కు.

కొనేటప్పుడు చూడాల్సినవి

భారతదేశంలో ఇంటి జిమ్‌ల కోసం అమ్మే రాడ్లు చాలావరకు సన్నని కొసలవి, వాటి ప్లేట్ల రంధ్రం కూడా చిన్నది. సేఫ్టీ, కేంబర్డ్ బార్లలో మంచివి ఒలింపిక్ కొలతకు, అంటే 50 మిల్లీమీటర్ల కొసతో వస్తాయి. పాత ప్లేట్లు వీటికి అసలు ఎక్కవు. బార్‌తోపాటు ప్లేట్ల ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

వెల్డింగ్ అతి ముఖ్యం. తిన్నని రాడ్డులో నడుమ అతుకు ఉండదు. సేఫ్టీ బార్‌లో పిడులూ కొసలూ మెడ భాగానికి వెల్డింగ్‌తోనే కలుస్తాయి, 150 కిలోల బరువు ఆ అతుకుల మీదే ఆధారపడుతుంది. అతుకు చుట్టూ బుడగలు, పగుళ్లు, అసమానత ఉంటే ఎంత చవకైనా వదిలేయడం మంచిది. మెత్త చేత్తో గట్టిగా నొక్కితే లోపలి ఇనుము తగిలేంత పల్చగా ఉండకూడదు. రెండు మెత్తల మధ్య ఖాళీ మెడను ఒరుసుకునేంత ఇరుకైతే వెడల్పాటి మెడ ఉన్నవారికి అదొక కొత్త బాధ.

ర్యాక్‌తో పొత్తు కుదురుతుందా అన్నది కొన్నాక గుర్తొచ్చే ప్రశ్న. సేఫ్టీ బార్ మెత్తలు, పిడులు ర్యాక్ కొక్కేలకు తగలకూడదు. కేంబర్డ్ బార్‌లో ప్లేట్లు కింద వేలాడతాయి గనుక సేఫ్టీ పిన్నులను అందుకు తగ్గట్టు దించుకోవాలి, స్టాండ్ ఇరుకైతే నిలువు కడ్డీలు దానికి కొట్టుకుంటాయి.

నా అంచనాలో జిమ్ యజమాని ఒక్క ప్రత్యేక బార్ మాత్రమే కొనగలిగితే అది సేఫ్టీ బార్ కావాలి. ముసలివాళ్లకు, భుజం దెబ్బతిన్నవాళ్లకు, ఆటగాళ్లకు, ఒక కాలు ముందుకేసి వంగే వ్యాయామాలు చేసేవాళ్లకు అందరికీ అక్కరకొచ్చేది అదొక్కటే. సొంతంగా కొనుక్కునే పవర్‌లిఫ్టరు మాత్రం మొదట బఫెలో బార్‌ను ఓసారి భుజాన వేసి చూడాలి.

పోటీలు

అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య నిబంధనలు తిన్నని బార్‌నే అనుమతిస్తాయి. రాడ్డు భుజాల మీద అడ్డంగా ఉండాలి, రెండు చేతులూ దాన్ని పట్టుకోవాలి. అందుచేత ప్రత్యేక బార్లతో సాధన చేసే లిఫ్టర్లు పోటీకి కొన్ని వారాల ముందు తిన్నని రాడ్డుకు తిరిగి రావాల్సిందే. పూర్తిగా వదిలేసినవారికి ఆ తిరుగు ప్రయాణం కష్టం. వాడని భుజం తిరుగుడును పోగొట్టుకుంటుంది, వీపు మీద రాడ్డు కుదిరే చోటు కూడా మరిచిపోతుంది. నొప్పి లేని మేరకు, వారంలో ఒక రోజు తేలికపాటి వామప్ సెట్లను తిన్నని రాడ్డుతో ముగించి, అసలు బరువులకు సేఫ్టీ బార్‌కు మారే పద్ధతిని వాళ్లలో చాలామంది ఈ కారణంగానే పాటిస్తారు.